అవటు గ్రంథి నియంత్రణ – అయోడిన్ లోపం: ఒక పరిశీలన

ప్రవేశిక

మానవ దేహంలో అవయవాల మధ్య సమన్వయాన్ని సాధించే వ్యవస్థలు రెండు: నాడీ వ్యవస్థ, అంతఃస్రావ వ్యవస్థ. నాడీ సందేశం త్వరగా చేరి త్వరగా ముగుస్తుంది. వినాళ గ్రంథుల సందేశం రక్తం ద్వారా ప్రయాణించి ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఈ సందేశవాహక రసాయనాలకు 1905లో ఆంగ్ల శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ 'హార్మోన్లు' అని పేరు పెట్టాడు. 'ఉత్తేజపరచు' అనే అర్థం గల గ్రీకు పదం దీనికి మూలం. రక్తంలో కలిసిన హార్మోన్ దేహమంతటా తిరిగినా, దానికి తగిన గ్రాహకాలున్న కణాలపైనే ప్రభావం చూపుతుంది. ఈ నియంత్రణ స్వరూపాన్ని అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నియంత్రణ క్రమం

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథి ప్రధానంగా థైరాక్సిన్‌ను స్రవిస్తుంది. జీవక్రియల వేగం, దేహోష్ణం, హృదయ స్పందన, పిల్లల ఎదుగుదల దీనిపై ఆధారపడి ఉంటాయి. ఈ గ్రంథి స్వతంత్రంగా పనిచేయదు. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోన్ ద్వారా అవటు గ్రంథిని ప్రేరేపిస్తుంది. రక్తంలో థైరాక్సిన్ తగినంత చేరగానే పై రెండు కేంద్రాలూ తమ ప్రేరణను తగ్గించుకుంటాయి. దీనినే రుణాత్మక పునశ్చరణ అంటారు.

అయోడిన్ లోపం

ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. వయోజనులకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. అది లభించకపోతే థైరాక్సిన్ తగ్గుతుంది, టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. ఆ నిరంతర ప్రేరణకు లోనై గ్రంథి ఉబ్బుతుంది. అదే గాయిటర్. కనుక గాయిటర్ వాపు, కొరతను పూడ్చుకోవడానికి దేహం చేసే ప్రయత్నానికి బాహ్య చిహ్నం.

కంటికి కనిపించని నష్టం ఇంతకంటె తీవ్రమైనది. గర్భస్థ శిశువుకు తొలి నెలల్లో తల్లి థైరాక్సినే ఆధారం. అప్పటి తీవ్ర లోపం శిశువు మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని తరువాత పూర్తిగా పూడ్చడం సాధ్యం కాదు.

కాంగ్రా లోయ అధ్యయనం

వర్షాలకు, మంచు ప్రవాహాలకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోయే హిమాలయ ప్రాంతాల్లో గాయిటర్ విస్తారంగా ఉండేది. శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలో వైద్యవిద్య అభ్యసించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో కాంగ్రా లోయలో అధ్యయనం ప్రారంభించారు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి సాధారణ ఉప్పును సరఫరా చేశారు. అయోడిన్ ఉప్పు అందిన మండలాల్లో గాయిటర్ గణనీయంగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది.

ముగింపు

సూక్ష్మ పరిమాణంలోని ఒక మూలకం లోపిస్తే గ్రంథుల పరస్పర నియంత్రణ మొత్తం దారి తప్పుతుందని అవటు గ్రంథి ఉదాహరణ నిరూపిస్తుంది. లోపాన్ని ఉప్పుతోనే నివారించవచ్చు. అయితే పుట్టుకతోనే గ్రంథి సరిగా ఏర్పడని శిశువులకు ఉప్పు పరిష్కారం కాదు. వారిని రక్తపరీక్షతో గుర్తించి, తొలి రెండు వారాల్లోనే థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టాలి. అప్పుడు చాలామంది పిల్లలు సాధారణంగా ఎదుగుతారు. కనుక నవజాత శిశువులందరికీ ఈ పరీక్ష అందడం అత్యవసరం.