వెనక బ్లాకు ఎంత మందం?

మా మనవడికి కొత్తపేటలో కొబ్బరి వ్యాపారం. చేతిలో ఇసుజు వీ-క్రాస్ పికప్. మన శ్రీసిటీలో తయారయ్యే బండే, 2016 నుంచీ అక్కడ ఫ్యాక్టరీ నడుస్తోంది. ఈమధ్య దాని ముందుభాగం రెండంగుళాలు లేపించాడు. ఇక ఫోను. "తాతయ్యా, ముందు లేచాక వెనక కుంగినట్టు కనబడుతోంది. కమాన్ కట్ట కింద బ్లాకు ఒకటిన్నర అంగుళం వెయ్యమంటావా, రెండంగుళాలా?"

ఒరేయ్, ముందు నాకొకటి చెప్పు. ఖాళీ బండి కుంగిందా, కాయలెక్కించాక కుంగిందా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

కంపెనీవాడు పికప్‌ని వెనక కాస్త ఎత్తుగా వదిలేది అందం తెలియక కాదు. తొట్టిలో బరువు పడగానే కమాన్లు దిగుతాయి, అప్పుడు బండి సమంగా నిలుస్తుంది. నువ్వు ఖాళీ బండినే సమం చేశావు. ఇప్పుడు అంబాజీపేట మార్కెట్టుకి వెయ్యి కాయలెక్కిస్తే ఏమవుతుంది? ఒలిచిన కాయలైనా అర టన్ను అటూ ఇటూ ఉంటాయి. వెనక దిగి ముందు ఆకాశంలోకి చూస్తుంది.

"అయితే ముందు చక్రాల మీద బరువంతా వెనక్కి పోతుందిగా!" అంటారు కొందరు. లెక్క వేసి చూడు. నీ బండి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 3095 మిల్లీమీటర్లు. ముందు 50 మిల్లీమీటర్లు లేచిందంటే వాలు 62లో ఒకటి, ఒక డిగ్రీ కూడా లేదు. రెండు టన్నుల బండిలో ఆ వాలు వల్ల వెనక్కి జరిగే బరువు ఏడెనిమిది కిలోలు, అంతే. అదే వెనక ఇరుసుకి అరమీటరు అవతల, తొట్టి చివర, ఒక వంద కిలోల బస్తా పడేశావనుకో, ముందు చక్రాల మీద నుంచి 16 కిలోలు లాగేస్తుంది. స్టీరింగు తేలికైందంటే వాలు కంటే ముందు బస్తా ఎక్కడుందో చూడాలి.

ఆ చిన్న వాలు గట్టిగా దెబ్బకొట్టేది హెడ్ లైటుని. డిమ్ వెలుగుని మామూలుగా వంద మీటర్లకి ఒక మీటరు కిందికి దిగేలా సర్దుతారు. నువ్వు వంద మీటర్లకి 1.6 మీటర్లు పైకి తిప్పావు. కిందికి పడాల్సిన వెలుగు 50 మీటర్ల దూరంలో లైటు కంటే 30 సెంటీమీటర్లు ఎత్తున పోతోంది. ఎదురొచ్చే కారువాడి కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. మన కాలవగట్టు రోడ్లేమో ఒక బండి పోతే రెండోది పక్కకి దిగాలి, పక్కన నీళ్ళు. మోటారు సైకిల్ మీద వచ్చేవాడికి ఒక్క క్షణం కళ్ళు చెదిరితే చాలు. లైటు మరను తిప్పి వెలుగు దించొచ్చు, నిజమే. ఖాళీ బండికి దించితే బరువు పడ్డాక మళ్ళీ లేస్తుంది.

ఇక బ్లాకు సంగతి. వెనక ఇరుసు గొట్టానికీ, దాని మీద కూర్చునే కమాన్ కట్టకీ మధ్య దూర్చే ఇనప దిమ్మ అది. (పాత జీపుల్లో కమాన్ ఇరుసు కింద ఉండేది. అలాంటిదానికి మధ్యలో బ్లాకు దూరిస్తే బండి లేవకపోగా దిగుతుంది!) నవారు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడితే మంచం ఎత్తవుతుంది గానీ నవారు బిగుస్తుందా? బ్లాకూ అంతే. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఒకే ఎత్తు ఇస్తుంది, బలం ఇవ్వదు. బలం కావాలంటే అదనంగా కమాన్ పట్టీ వెయ్యాలి. పట్టీ మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే మన మెకానిక్కులు పలచటి పట్టీ ఒకటి చేర్చి ఊరుకుంటారు. మందపుది వేస్తే ఖాళీ బండి రాళ్ళ మీద ఎగిరి నీ నడుం తీస్తుంది.

ఇంకో మెలిక. ముందు అంగుళం, వెనక అంగుళం ఒకటి కావు. ముందు స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ మధ్యలో ఉంటుంది. దాని మీద అంగుళం ముక్క పెడితే ఆర్మ్ చివరనున్న చక్రం దగ్గర ఒకటిన్నర, ఒక్కోసారి రెండంగుళాల దాకా వస్తుంది. వెనక బ్లాకు నేరుగా ఇరుసు మీదే కూర్చుంటుంది కాబట్టి మందం ఎంతో ఎత్తూ అంతే. కాబట్టి ముందు వేసిన ముక్క మందం చూసి వెనకది కొనకు. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా టేపు పెట్టు. ఖాళీగా ఒకసారి, మామూలుగా వేసే బరువుతో ఒకసారి.

కాయలెక్కాక వెనక ఎంత దిగుతుందో, ఖాళీ బండిలో వెనక అంత ఎత్తు మిగిలి ఉండాలి. లెక్కంతా ఇదే. లేపాక అర అంగుళమే మిగిలి, బరువుకి అంగుళంన్నర దిగుతోందనుకో, అంగుళం బ్లాకు చాలు. మూడంగుళాలు దిగుతోందంటే అది బ్లాకు పని కాదు, పట్టీ పని. లేదా బరువు తగ్గించుకునే పని.

మందం పెరిగితే నష్టమేమిటంటావా? బ్రేకు వేసినా, గట్టిగా లాగించినా టైరు దగ్గర పుట్టే తోపు కమాన్‌ని మెలితిప్పుతుంది. ఆ మెలి నేల నుంచి కమాన్ దాకా ఉన్న ఎత్తుని బట్టి ఉంటుంది. అది సుమారు 45 సెంటీమీటర్లనుకో, 4 సెంటీమీటర్ల బ్లాకు పెడితే మెలి వందకి తొమ్మిది వంతులు పెరిగినట్టే. కమాన్ పాములా వంకర తిరిగి, వదిలినప్పుడు ఇరుసు దడదడలాడుతుంది. అందుకే దిమ్మ మీద దిమ్మ పేర్చడం పనికిరాదు. లేత్ షాపులో మిగిలిన చెక్కముక్క అసలే పనికిరాదు. ముందు ఇరుసుకి బ్లాకు జోలికే పోకూడదు.

కొన్ని బండ్లలో వెనక బ్రేకుకి ఒక కవాటం ఉంటుంది. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య దూరాన్ని ఒక చిన్న కడ్డీతో కొలిచి, దూరం తగ్గితే బరువుందని వెనక బ్రేకు పెంచుతుంది. బ్లాకు పెట్టాక దూరం పెరిగి, నిండు బండిని కూడా ఖాళీ బండనుకుంటుంది. నీ బండిలో ఉందో లేదో మెకానిక్కుని బండి కింద దూరి చూడమను. ఉంటే కడ్డీని కూడా సర్దాలి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు, షాకబ్జర్ల పొడవు చాలుతాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

"తాతయ్యా, వరదల్లో కూడా పనికొస్తుందిగా" అన్నాడు వాడు. 2022 జూలైలో గోదారి లంకల్ని ముంచెత్తిన రోజులు వాడికి గుర్తే. కనకాయలంక కాజ్‌వే ఏటా నీళ్ళకింద పోతూనే ఉంటుంది. బ్లాకు లేపేది ఛాసిస్‌ని, తొట్టిని. ఇరుసు హౌసింగ్ టైరు పట్టినంత ఎత్తులోనే ఉంటుంది, వెంట్రుకవాసి కూడా లేవదు. దాన్ని లేపాలంటే పెద్ద టైర్లే దిక్కు. పారే నీళ్ళలో ఆ నాలుగు సెంటీమీటర్ల భరోసా ఎవరూ ఇవ్వలేరు.

పని చేయించేటప్పుడు పాత యూ బోల్టులు మళ్ళీ వాడనివ్వకు. బ్లాకు ఎంత మందమో, పాతవాటి కంటే కాళ్ళు అంత ఎక్కువ పొడవున్న కొత్తవి వెయ్యాలి. కమాన్ సెంటర్ బోల్టు తల బ్లాకు గుంటలో సరిగా కూర్చోవాలి. నాలుగు నట్లూ ఎదురెదురు మూలల క్రమంలో కొద్దికొద్దిగా బిగించాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా వెయ్యించు, కొత్త బోల్టులు కాస్త సాగుతాయి.

చివరగా, 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. బండిని కంపెనీ లెక్కకి భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. ముందుభాగం నన్నడక్కుండా లేపించావు. వెనక్కి చెయ్యి పెట్టేముందు అమలాపురం వెళ్ళి ఆర్టీవో ఆఫీసులో కనుక్కో.