వంశవృక్షంలో ఆధారాల నమోదు: చూసినది వేరు, ఊహించినది వేరు

వంశవృక్షంలో ప్రతి పేరు వెనుక ఒక ప్రశ్న ఉంటుంది: ఇది మనకు ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోవడమే ఆధారాల నమోదు. మారిషస్, నటాల్, ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారి సంతతికి ఈ పని మరింత ముఖ్యం. మన పూర్వీకులలో చాలామంది తమ చేతితో ఏమీ రాసిపెట్టలేదు. వారిని గురించి నేడు దొరికే కాగితాలు ఎక్కువగా రేవులలోని గుమస్తాలు రాసినవి. ఆ గుమస్తాలకు తెలుగు రాకపోవచ్చు. పేరు వారి చెవికి ఎలా వినిపిస్తే కాగితం మీద అలా నిలిచింది.

మూడు గదులు

కుటుంబ చరిత్ర సాఫ్ట్‌వేర్లు ఆధారాన్ని సాధారణంగా మూడు భాగాలుగా చూస్తాయి. ఉచితంగా దొరికే గ్రాంప్స్‌లో ఈ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. ‘రిపాజిటరీ’ అంటే కాగితం భద్రంగా ఉన్న చోటు, అనగా పత్రాగారం. ‘సోర్స్’ అంటే మూలం: ఒక రిజిస్టరు, ఒక పుస్తకం, ఒక సంభాషణ. ‘సైటేషన్’ అంటే ఉల్లేఖనం: ఆ మూలంలో మీరు చూసిన పుట, సంఖ్య, తేదీ. గ్రంథాలయం, గ్రంథం, పుట అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ విభజన వల్ల శ్రమ తగ్గుతుంది. ఒక ఓడ పట్టికలో మీ కుటుంబానికి చెందినవారు ఐదుగురు ఉంటే, మూలాన్ని ఒక్కసారే నమోదు చేసి, ఐదు ఉల్లేఖనాలను దానికి జతచేయవచ్చు.

ఏది చూశారో అదే రాయండి

బహ్రెయిన్‌లో ముహర్రక్ దీవి మీద గలాలీ అనే ఊరు ఉంది. ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్న ఒక మునిమనుమరాలిని ఊహించుకుందాం. ఆమె ముత్తాత అప్పలస్వామి నటాల్ తోటలలో పనిచేశాడు. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా ఒప్పంద కూలీలు భారతదేశం నుండి నటాల్ చేరారు. ప్రతి ఒక్కరికీ ఒక వలస సంఖ్య ఇచ్చారు. ఓడ పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు వంటి వివరాలు రాశారు.

ఆమె గలాలీలో కూర్చొని, కంప్యూటరులో ఒక జాబితా తెరిచి, ముత్తాత పేరు చూసింది. ఇప్పుడు ఆమె మూలంగా ఏమి రాయాలి? ‘నటాల్ ఓడ రిజిస్టరు’ అని రాస్తే సరికాదు. ఆమె చూసినది రిజిస్టరు కాదు. దానిని చూసి మరొకరు తయారుచేసిన జాబితా. రిజిస్టరుకు, జాబితాకు మధ్య మరొక చేయి ఉంది. ఆ చేతిలో ఒక అక్షరమో, ఒక అంకెయో మారి ఉండవచ్చు. కనుక ‘జాబితా’ అనే రాయాలి. దానిని ఎవరు తయారుచేశారు, తాను ఏ తేదీన చూసింది అనేవి కూడా చేర్చాలి. రేపు చేతిరాత రిజిస్టరు పుట చిత్రం దొరికితే, దానికి మరొక ఉల్లేఖనం చేర్చాలి. పాతదానిని చెరపరాదు.

పేరుకన్నా సంఖ్య ముఖ్యం

ఉత్తరాంధ్ర నుండి వెళ్లినవారిలో అప్పలస్వామి, రామయ్య, లక్ష్మి వంటి పేర్లు ఎందరికో ఉండేవి. ఒకే ఓడలో ఒకే పేరుగలవారు ఇద్దరు ఉండవచ్చు. వలస సంఖ్య మాత్రం ఒక్కరిదే. మారిషస్‌లో కూడా వలస వచ్చిన ప్రతివారికీ సంఖ్య ఉండేది. ఆ దేశపు వలస పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ఫిజీకి వెళ్లినవారి వలస పాసులకు కూడా సంఖ్యలున్నాయి. అవి సువాలోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. ఉల్లేఖనంలో మొదట రాయవలసినది ఈ సంఖ్యనే. సంఖ్య లేని ఉల్లేఖనం ఇంటి నంబరు లేని ఉత్తరం వంటిది.

పేరును మాత్రం కాగితంలో ఉన్నట్లే, తప్పుగా ఉన్నా సరే, ఉల్లేఖనంలో ఉంచండి. సరియైన తెలుగు రూపాన్ని వ్యక్తి పేరు దగ్గర వేరుగా రాయండి.

ఊరు, జిల్లా

ఊళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. ఆనాటి కాగితంలో ‘చికాకోల్, గంజాం జిల్లా’ అని ఉందనుకోండి. చికాకోల్ అంటే నేటి శ్రీకాకుళం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో చాలా భాగం అటు వెళ్లింది; శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయింది. ‘గంజాం’ అనే మాటను మాత్రమే చూసినవారు తమ ఊరిని నేటి ఒడిశాలో వెదకుతారు. ‘శ్రీకాకుళం జిల్లా’ అని మాత్రమే రాసినవారికి పాత పత్రాలలో ఆ పేరుతో జిల్లా దొరకదు. చిత్తూరు జిల్లా కూడా 1911లో ఏర్పడినదే. అంతకుముందు అందులో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. కనుక కాగితంలోని పేరును ఉల్లేఖనంలోను, నేటి పేరును స్థలం గదిలోను రాయండి. రెండూ అవసరమే.

నమ్మకం ఎంత?

సాఫ్ట్‌వేర్ల మధ్య వివరాలను మార్చుకునేందుకు జెడ్‌కామ్ అనే పద్ధతి ఉంది. అందులో ప్రతి ఉల్లేఖనానికి 0 నుండి 3 వరకు విలువ ఇవ్వవచ్చు: 0 నమ్మదగనిది, 3 ప్రత్యక్షమైనది. గ్రాంప్స్‌లో ఐదు మెట్లు ఉంటాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఒకే కాగితం ఒక విషయానికి బలమైన ఆధారం, మరొక విషయానికి బలహీనమైన ఆధారం కావచ్చు. ఓడ చేరిన తేదీకి ఓడ పట్టిక గట్టి ఆధారం. వయస్సుకు కాదు, అది చూసి వేసిన అంచనా కావచ్చు. కనుక ఒకే పుట నుండి రెండు ఉల్లేఖనాలు చేసి, వేరు వేరు విలువలు ఇవ్వండి.

నానమ్మ మాట కూడా ఆధారమే

ఓడ పట్టికలలో ఇంటిపేరు సాధారణంగా కనిపించదు. దక్షిణాఫ్రికాలో అనేక కుటుంబాలకు తండ్రి పేరో, తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. అసలు ఇంటిపేరు, గోత్రం పెద్దల నోటనే మిగిలి ఉండవచ్చు. వారి మాటను మూలంగా నమోదు చేయండి: ఎవరు చెప్పారు, ఏ రోజున, ఎక్కడ, వారికి ఎవరు చెప్పారు.

వారు వాడిన తెలుగు మాటను అలాగే ఉంచండి. ఆమె ‘మేనమామ’ అంటే ‘మేనమామ’ అనే రాయండి. ఆంగ్లంలో ‘అంకుల్’ అని మార్చితే మేనమామ, పెదనాన్న, చిన్నాన్న, మామయ్య అందరూ ఒక్కటైపోతారు. మేనరికాలు జరిగిన కుటుంబంలో ఆ ఒక్క మాట పోతే ఒక కొమ్మ మొత్తం తప్పు చోట అతుకుతుంది.

రెండు ఆధారాలు విరుద్ధంగా ఉంటే రెండింటినీ ఉంచండి. మీరు దేనిని ఎందుకు ఒప్పుకున్నారో కింద ఒక వాక్యం రాయండి.

ఇది ఎందుకు?

2024 మార్చిలో మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడవ తరం వరకు విదేశీ భారతీయ పౌర కార్డు ఇచ్చే ఏర్పాటును భారత రాష్ట్రపతి ప్రకటించారు. అటువంటి దరఖాస్తులో ‘మా ఇంట్లో అలా అనుకునేవారు’ అన్న మాట చాలదు, కాగితం చూపాలి. అంతకుమించిన నష్టం మరొకటి ఉంది. ఆధారం లేకుండా రాసిన పేరును రేపు మీ బంధువులు తమ వృక్షంలోకి ఎత్తి రాసుకుంటారు. పదిచోట్ల కనిపించినందువల్ల అది నిజమనిపిస్తుంది. మరొక అప్పలస్వామి ఊరికి వెళ్లి, పరాయి ఇంటి గడపలో నిలబడి, ‘మేము మీవాళ్లమే’ అనవలసి వస్తుంది.

నేటి కాగితాలను కూడా మరువకండి. గల్ఫులో పనిచేస్తున్నవారి పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం రేపటి మనుమలకు ఓడ పట్టికతో సమానం. వాటి చిత్రాలు తీసి, ఫైలు పేరులోనే తేదీ చేర్చి భద్రపరచండి. జెడ్‌కామ్ ఫైలులో చిత్రానికి దారి మాత్రమే ఉంటుంది, చిత్రం ఉండదు. కనుక వృక్షాన్ని మరొకరికి పంపేటప్పుడు చిత్రాలను కూడా వేరుగా పంపండి.

వృక్షమంతటికీ ఒకేసారి ఆధారాలు చేర్చడం కష్టం. ముందుగా ఒక వ్యక్తిని, అతని గురించిన ఒక విషయాన్ని తీసుకోండి. అది ఎక్కడ చూశారో, ఎవరి నోట విన్నారో రాయండి. ఏ ఆధారమూ కనిపించకపోతే ‘ఆధారం ఇంకా దొరకలేదు’ అని రాయండి. తరువాత వెదకేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మాట చెబుతుంది.