ఇరవై సెంట్ల కూరమడి

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే చిన్న రైతుల మధ్య ‘ఏటీఎం నమూనా’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. 20 సెంట్లలో, అంటే సుమారు 970 చదరపు గజాల్లో, రకరకాల కూరగాయలు కలిపి పెంచి, ఏడాది పొడవునా చేతిలో డబ్బు ఆడేలా చూసుకునే పద్ధతి ఇది.

వరి, పత్తి డబ్బు పంట చేతికొచ్చినప్పుడే కనిపిస్తుంది. అదీ చాలాసార్లు అప్పులకే సరి. తోటకూర మాత్రం విత్తిన 25 రోజులకే కోతకొస్తుంది. నెలా పదిహేను రోజుల్లో ముల్లంగి, ఆ వెనకే బెండ, గోరుచిక్కుడు అందుకుంటాయి. పందిరి మీద బీర, సొర, గట్టు మీద మునగ. ఒకటి దెబ్బతిన్నా మరొకటి నిలబడుతుంది. నాటు రకాలైతే విత్తనం ఖర్చూ తగ్గుతుంది: సొరపాదుకు మంచి కాయ ఒకటి ఎండేదాకా వదిలితే వచ్చే ఏటి విత్తనం ఇంట్లోనే ఉంటుంది. హైబ్రిడ్ కాయ గింజలు వేస్తే తల్లి గుణం నిలవదు.

ఆదాయం కన్నా నన్ను ఎక్కువగా పట్టి ఉంచే విషయం తిండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కూర పండించే ఆడవాళ్లూ ఈ లెక్కలోని వాళ్లే. లేత కట్టలన్నీ తెల్లవారుజామునే సంతకు పోతే ఇంట్లో వాళ్లకు పచ్చడి మెతుకులే గతి. అందుకే ఇంటి వంతు ముందు కోయాలి, మిగిలిందే అమ్మాలి.

వండే తీరూ ముఖ్యమే. తోటకూరలో ఇనుము ఉన్నా ఒంటికి తేలిగ్గా పట్టదు. నిమ్మరసం పిండుకున్నా, ఉసిరి పచ్చడి నంజుకున్నా బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. మునగాకులోని బీటా కెరోటిన్ అందాలంటే తాలింపులో కాస్త నూనె ఉండాలి. ఉడికిన నీళ్లు పారబోస్తే ఫోలేట్ వాటితోనే పోతుంది. ఆకును పప్పులో వేసి వండే మన అలవాటులో ఆ నష్టం లేదు.

ఇక అమ్మకం. ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి దూరపు మార్కెట్‌లో దళారి చెప్పిందే ధర. అదే ఊళ్లో బడికీ అంగన్‌వాడీకీ కూర కావాలి. సర్పంచులూ మహిళా సంఘాలూ కలిసి, ఊరి మడుల్లో కోసిన కూర ఆ వంటిళ్లకు చేరే ఏర్పాటును ఈ ఖరీఫ్‌లోనే మొదలుపెట్టాలి.