షార్కో పాదం: అపోహలు – వాస్తవాలు

అపోహ: నొప్పి లేని వాపుతో ప్రమాదం లేదు.

వాస్తవం: నరాలు చెడిన పాదానికి అత్యధికంగా చేటు చేస్తున్నది ఈ నమ్మకమే. చీలమండ బెణికితే ఆరోగ్యవంతుణ్ణి నొప్పి నడవనీయదు. దీర్ఘకాల మధుమేహంతో స్పర్శ మందగించినవారు మాత్రం బెణికిన కీలు మీద, ఒక్కోసారి విరిగిన ఎముక మీద కూడా, ఏమీ ఎరగనట్టే నడుస్తారు గనుక, లోపల వాపు ముదిరి, ఎముక గుల్లబారి, కీళ్లు పట్టుతప్పి, చివరకు పాదపు వంపు కుంగి అరికాలు కిందికి ఉబ్బుతుంది. స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలూ కీళ్లూ ఇలా చెడడమే షార్కో పాదం. కొందరికి నొప్పి ఉంటుంది కాని, జరిగిన నష్టానికి తగినంత ఉండదు. స్పర్శ లేని ఇటువంటి కాలికి కాపడం పెడితే చర్మం కాలినా తెలియదు. మర్దన చేయిస్తే కీలు మరింత దెబ్బతింటుంది.

అపోహ: షార్కో పాదం సిఫిలిస్, కుష్ఠు రోగులకే వస్తుంది.

వాస్తవం: ఫ్రెంచి నాడీవైద్యుడు జాఁ మార్తాఁ షార్కో 1868లో ఈ కీళ్ల వినాశాన్ని వర్ణించింది సిఫిలిస్ వల్ల వెన్నుపాము చెడినవారిలోనే అయినా, 1936లో జోర్డన్ అనే వైద్యుడు దీనికి మధుమేహంతో ఉన్న సంబంధాన్ని చూపాడు, నేడు ప్రధాన కారణమూ అదే.

అపోహ: ఎర్రబడి వేడెక్కిన పాదంలో చీము పట్టినట్టే.

వాస్తవం: పుండు గాని జ్వరం గాని లేకుండా, రెండో పాదంకన్నా సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు వేడిగా ఉన్న పాదాన్ని ముందుగా షార్కో పాదంగానే అనుమానించాలి. కాలిని కొద్ది నిమిషాలు ఎత్తిపెడితే ఈ ఎరుపు తగ్గడం, సూక్ష్మజీవుల వల్ల వచ్చిన ఎరుపు తగ్గకపోవడం ఒక ఆనవాలు. పుండు ఉన్నచోట రెండూ కలిసి ఉండవచ్చు కాబట్టి దీనినొక్కదాన్నే నమ్మకూడదు.

అపోహ: ఎక్స్‌రే బాగుంటే నిశ్చింతగా ఉండవచ్చు.

వాస్తవం: తొలి దశలో ఎక్స్‌రేలో ఏ మార్పూ కనిపించకపోవచ్చు, అప్పటికే ఎముక మజ్జలో చేరిన వాపును ఎంఆర్ఐ పట్టిస్తుంది. ఆ సౌకర్యం లేనిచోట అనుమానంతోనే చికిత్స మొదలుపెట్టడం సబబు, ఎందుకంటే ఎక్స్‌రేలో ఎముకలు విరిగి కనిపించే వేళకు పాదాన్ని కాపాడుకునే మంచి అవకాశం చేజారుతుంది.

అపోహ: మందులో ఆపరేషనో తప్ప దారి లేదు.

వాస్తవం: ప్రధాన చికిత్స పాదం మీది బరువు తప్పించడమే. పాదానికీ పిక్కకూ అతుక్కున్నట్టు మోకాలి దిగువ వరకు వేసే, రోగి తనంతట తాను విప్పుకోలేని పిండికట్టును, వాపు తగ్గి వదులైనప్పుడల్లా మారుస్తూ, రెండు పాదాల వేడి సమానమయ్యేదాకా నెలల తరబడి ఉంచాలి; పొడుచుకొచ్చిన ఎముక పుండ్లు చేస్తున్నప్పుడు, లేదా కీలు బొత్తిగా నిలవనప్పుడు శస్త్రచికిత్స అవసరమవుతుంది. మధుమేహం ఉన్నవారి పాదం ఒకటి వాచి వేడెక్కితే, నొప్పి లేకపోయినా, ఆనాడే ఆ కాలు మోపడం మాని వైద్యుణ్ణి సంప్రదించాలి.