వీధి కింద ఇనప గొట్టాలు

లండను వీధులకు గ్యాసు అందించటానికి మొదటి కంపెనీ 1812లో పుట్టింది. అప్పటి గ్యాసు, గాలి చొరని బట్టీల్లో బొగ్గును కాచి తీసినది. దానికోసం వీధుల కింద పోత ఇనుము గొట్టాలు పాతారు. ఒక గొట్టం మూతిలో ఇంకొకదాని కొన దూర్చి, సందులో నార కూరి, పైన సీసం కరిగించి పోసేవారు. మన కుళాయి పనివాళ్ళు మరకు నార చుట్టటం చూసినవారికి ఇది కొత్తగా తోచదు. బొగ్గు గ్యాసులో చెమ్మ ఉండేది. ఆ చెమ్మకు నార ఉబ్బి, అతుకు బిగిసి కూర్చునేది.

తరవాత ఉత్తర సముద్రం అడుగున సహజవాయువు దొరికింది. 1967 నుంచి 1977 వరకు ఇంటింటికీ తిరిగి, సుమారు 4 కోట్ల పొయ్యిలూ హీటర్లూ వగైరా కొత్త గ్యాసుకు సరిపడేటట్టు మార్చారు. భూమిలోని గొట్టాలు మాత్రం చాలావరకు పాతవే. కొత్త గ్యాసు పొడిది. నార ఎండి ముడుచుకున్నది. అతుకుల్లోంచి గ్యాసు కారసాగింది. విరుగుడుగా గ్యాసులో గ్లైకాల్ అనే ద్రవాన్ని మంచులా చిమ్మి నారను తడుపుతూ వచ్చారు. ముసలివాడికి రోజూ కషాయం పట్టినట్టన్నమాట!

చిత్రమేమంటే, మన దగ్గర దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో 2014 జూన్ 27న పెద్ద గ్యాసు గొట్టం పగిలి ఇరవైమందికి పైగా మరణించారు. అది వీధి గొట్టం కాదు, దూరప్రాంతాలకు పోయే లైను. అక్కడ గ్యాసుతోపాటు నీరు చేరి, గొట్టాన్ని లోపలినుంచి తుప్పు తినేసింది.

మళ్ళీ లండనుకు వద్దాం. పోత ఇనుము పెళుసు. అక్కడి బంకమన్ను ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు గొట్టం పగులుతుంది. పైన రోడ్డు గట్టిగా కప్పి ఉంటే, గ్యాసు పక్కలకు పాకి ఇళ్ళ పునాదుల్లో దూరుతుంది. సహజవాయువుకు తనంత తానుగా వాసన లేదు. మనకు తెలియటానికి కలుపుతారు. మట్టిలో పాకేటప్పుడు ఆ వాసనను కూడా కొంత మట్టే పీల్చుకుంటుంది.

స్కాట్లండులో లార్క్‌హాల్ అనే ఊళ్ళో 1999 డిసెంబరు 22 తెల్లవారుజామున ఒక ఇల్లు పేలిపోయింది. భార్యాభర్తలూ, ఇద్దరు పిల్లలూ, నలుగురూ పోయారు. తోటలోంచి పోయే ఇనప గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడింది. నన్ను కలవరపెట్టినది మరొకటి. కంపెనీ రికార్డుల్లో అక్కడ ప్లాస్టిక్ గొట్టం ఉన్నట్టు రాసి ఉన్నది! 2005లో కోర్టు 1 కోటి 50 లక్షల పౌన్ల జరిమానా వేసింది. ఆ ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు ఎవరూ మిగలలేదు.

ఆ దుర్ఘటన తరవాత, 2002లో, ఇళ్ళకు 30 మీటర్లలోపు ఉన్న ఇనప గొట్టాలన్నీ 30 ఏళ్ళలో, అంటే 2032 కల్లా, మార్చెయ్యాలని నిర్ణయించారు. లావుపాటి గొట్టాల విషయంలో 2013లో కొంత సడలించారు.

లండను శివారులో మా అమ్మాయి ఉంటున్న వీధి వంతు వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. వీధి పొడుగునా తవ్వరు. అక్కడక్కడా గోతులు తీసి, పాత ఇనప గొట్టంలోంచే పచ్చని ప్లాస్టిక్ గొట్టాన్ని దూర్చుకుంటూ పోతారు. పాము విడిచిన కుబుసంలోకి మళ్ళీ దూరినట్టుంటుంది. అతుకు దగ్గర తొడిగే తొడుగులోనే రాగితీగ ఉన్నది. కరెంటు పెట్టగానే ప్లాస్టిక్ కరిగి రెండూ ఒకటైపోతాయి. నారా లేదు, సీసమూ లేదు.

కారు నిలపటానికి చోటు లేదని పక్కింటి పెద్దాయన సణుగుతూనే ఉన్నాడు. నాకది అన్యాయమనిపించలేదు. మంచినీళ్ళవాళ్ళు అదే రోడ్డు తవ్వి పూడ్చి ఆరునెలలు కాలేదు! అందరూ ఒకసారే తవ్వుకోవచ్చుగదా అన్న తెలివి ఏ దేశంలోనూ ఉన్నట్టు లేదు.

గొయ్యి పూడ్చేముందు ఒక పనివాడు టేపు పెట్టి, గోడనుంచి దూరమూ, నేలనుంచి లోతూ కొలిచి రాసుకున్నాడు. ఇదంతా ఎందుకని అడిగాను.

“రేపు తవ్వేవాడికి ఇక్కడేమున్నదో తెలియాలిగదండీ,” అని, ఫొటో కూడా తీసుకుని, మట్టి వెయ్యమని చెయ్యి ఊపాడు.