నెలల తరబడి నిలిచే బండికి ముందుజాగ్రత్త

ఉత్తర ఐరోపాలోనూ కెనడాలోనూ చలికాలం రాగానే మోటారుసైకిల్‌ను నాలుగైదు నెలల పాటు షెడ్డులో పెట్టేయడం ఏటా జరిగే పని. మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది, గడ్డకట్టిన రోడ్డుపై రెండు చక్రాల బండి పట్టు నిలవదు. ఏడాదిలో కొన్ని నెలలకు మాత్రమే చెల్లే నంబరు ప్లేట్లు 1997 నుంచి జర్మనీలో అమల్లో ఉన్నాయంటే, ఈ అలవాటు అక్కడ ఎంతగా వేళ్లూనిందో తెలుస్తుంది. హైదరాబాద్‌లో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు కాబట్టి, ఇక్కడ చలికి భయపడి బండిని మూలన పెట్టవలసిన పని లేదు.

అయినా నెలల తరబడి కదలని బండ్లు పాతబస్తీలో తక్కువేమీ కావు. ఉత్తరాన మూసీ, దక్షిణాన మీర్ ఆలం చెరువు ఉన్న కిషన్‌బాగ్ వంటి బస్తీలలో గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లినవారి బండి, వారు సెలవుకు తిరిగివచ్చేదాకా మెట్ల కిందనో గేటు లోపలనో నిలిచి ఉంటుంది. అలా నిలిచిన బండి చెక్కుచెదరకుండా ఉంటుందని ఇంటివారు అనుకుంటారు గాని, దానిలోని పెట్రోలు, బ్యాటరీ, రబ్బరు, ఇనుము ఒక్కొక్కటీ తన పద్ధతిలో పాడవుతూనే ఉంటాయి. చలిదేశాల పద్ధతులను ఇక్కడ యథాతథంగా పాటిస్తే సరిపోదు, ఎందుకంటే ఇక్కడి బండికి శత్రువులు వానాకాలపు తేమ, ఎండాకాలపు వేడి.

మొదట చూడవలసింది పెట్రోలు. దానిలో తేలికగా ఆవిరయ్యే అంశాలు కొన్ని నెలల్లో ఎగిరిపోగా, మిగిలినది క్రమంగా జిగురుగా మారి, కార్బురేటర్‌లో పెట్రోలును కొలతగా వదిలే జెట్ అనే సన్నని రంధ్రాన్ని మూసివేస్తుంది. పైగా ఇప్పుడు దేశమంతటా అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇది నీటిని పీల్చుకునే గుణం గల ఆల్కహాలు కాబట్టి, నీరు ఒక హద్దు దాటి చేరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. గాలిలోని తేమ కంటే వాన నీటితోనే ఈ ప్రమాదం ఎక్కువ. చాలా బండ్లలో ట్యాంకు మూత చుట్టూ చేరే నీరు కిందికి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది; అది దుమ్ముతో పూడుకుపోతే నీరు మూత సందుల్లోంచి లోపలికి దిగుతుంది. ఎవరూ పట్టించుకోని ఈ రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయడానికి రెండు నిమిషాలు చాలు.

ఇనుప ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి తుప్పు పుడుతుంది కనుక, ట్యాంకును దాదాపు నిండుగా ఉంచాలని, వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి మెడ వద్ద కొంచెం ఖాళీ వదలాలని నిపుణులు చెబుతారు. ఆ సలహా గాలి ఆడే షెడ్డుకు తగినదే గాని, మెట్ల కింద, కరెంటు మీటరు పక్కన, వంటగదికి దగ్గరలో బండి పెట్టే ఇంటికి తగదు. అటువంటి చోట పెట్రోలు మొత్తం తీయించి, తుప్పును తర్వాత చూసుకోవడమే మేలు. పాత కార్బురేటర్ బండి అయితే కాక్ మూసి, కార్బురేటర్ అడుగున ఉండే స్క్రూ వదులు చేసి అందులో మిగిలిన పెట్రోలును కూడా దింపివేయాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక తయారైన బండ్లలో దాదాపు అన్నింటికీ కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కాబట్టి వాటికి ఈ పని ఉండదు.

బ్యాటరీ విషయంలో వేడి నష్టం చేస్తుంది. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఆ వేగమూ పెరుగుతుంది. ఛార్జి తగ్గిన బ్యాటరీ పలకల మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ మొదట మెత్తగా ఉండి, అలాగే వదిలేస్తే గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా కరగదు. అందుచేత ముందు నెగెటివ్ తీగను, తర్వాత పాజిటివ్ తీగను విప్పి, బ్యాటరీని తీసి ఎండ తగలని చోట పెట్టి, రెండు నెలలకొకసారి ఛార్జి చేయించాలి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపుతుంది, 12.4కు దిగితే ఆలస్యం చేయకూడదు. కారు బ్యాటరీలకు వాడే పెద్ద ఛార్జరు చిన్న బ్యాటరీని చెడగొడుతుంది కాబట్టి ఆ మాట మెకానిక్‌కు ముందే చెప్పడం మంచిది.

ఇంటివారు ప్రేమతో చేసే ఒక పని వారికి తెలియకుండానే బండికి హాని చేస్తుంది: వారానికొకసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజిన్, సైలెన్సర్ బాగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ ఆవిరి నీరై సైలెన్సర్‌ను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, ఇంజిన్ ఆయిల్‌లోనూ కలుస్తుంది. సెల్ఫ్ స్టార్ట్ తీసుకున్న కరెంటు కూడా ఆ ఐదు నిమిషాల్లో తిరిగి చేరదు. తిప్పగలిగినవారు ఉంటే పావుగంటకు తగ్గకుండా రోడ్డు మీద నడపాలి, లేకపోతే ముట్టుకోకపోవడమే మంచిది.

వాడిన ఇంజిన్ ఆయిల్‌లో లోహాన్ని తినే ఆమ్లాలు చేరి ఉంటాయి కాబట్టి, బండిని నిలిపే ముందే దాన్ని మార్చాలి. చైనును కిరసనాయిలుతో కడిగి, ఆరాక నూనె పెట్టాలి. పెట్రోలుతో కడిగితే లింకుల మధ్య రబ్బరు రింగులు దెబ్బతింటాయి. టైర్లలో గాలి నింపి సెంటర్ స్టాండ్ వేయాలి. సైలెన్సర్ మూతికి ఎలుకలు దూరకుండా ఇనుప జాలీ కట్టి, ఆ సంగతి చీటీ రాసి హ్యాండిల్‌కు తగిలించాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల తేమ నిలుస్తుంది కాబట్టి గాలి ఆడే గుడ్డ కవరు వాడాలి.

మూసీ తీరానికి ఇవి చాలవు. 1908 సెప్టెంబరు వరద తర్వాత నగర రక్షణ కోసం కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిండి గేట్లు ఎత్తినప్పుడల్లా దిగువ బస్తీలకు హెచ్చరికలు వస్తాయి. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీ కాలనీలు నీట మునిగాయి. సెల్లారులో కాక ఎత్తైన చోట బండి నిలపాలి. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడటం అన్నింటికంటే పెద్ద తప్పు: సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా కుంచించుకోదు కాబట్టి పిస్టన్ రాడ్ వంగిపోతుంది, అలా జరిగిన నష్టాన్ని బీమా కంపెనీ తిరస్కరించే అవకాశమూ ఉంది.

2018 సెప్టెంబరు నుంచి కొత్త బండితో తప్పనిసరిగా వచ్చే ఐదేళ్ల బీమా ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తిస్తుంది. వరద, దొంగతనం, అగ్నిప్రమాదం వంటివాటికి సొంత నష్టపు పాలసీ వేరుగా ఉండాలి, దానికి చాలామంది ఏడాదికే డబ్బు కట్టి ఉంటారు. గడువు ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. విమానం ఎక్కే ముందు పాలసీ కాగితం తీసి ఆ గడువు తేదీని ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.