సాలూరు ఘాటీలో గేర్‌బాక్సు
బరువులు మోసే పికప్‌లను నమ్ముకున్న దారిలో అరిగేదేమిటి, అరగదీసేదెవరు?

2022 దాకా విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు లారీల ఊరు. బాడీలు కట్టేవాళ్లు, గేర్‌బాక్సులు దించేవాళ్లు, కమాను కట్టలు వేసేవాళ్లు అక్కడ తరాలుగా ఉన్నారు. ఊరు దాటి సుంకి వైపు ఎక్కే ఘాటీయే వాళ్లకు పని నేర్పింది. పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి అది.

ఇప్పుడు ఆ లారీల సందున బొలెరో పికప్‌లు, టాటా యోధలు దూరి ఎక్కుతున్నాయి. పలాస జీడిపిక్కలు, సీతంపేట అనాసపళ్లు, సిమెంటు, ఇనుము ఏదైనా వీటి మీదే. దాదాపు అన్నీ డీజిలే, అన్నీ చేత్తో గేరు వేసేవే.

అమెరికాలో పెద్ద డీజిల్ పికప్‌లకు ఈ మాన్యువల్ గేర్‌బాక్సు 2018 మోడల్ రామ్ పికప్‌తో ముగిసింది. కొనేవాళ్లు తగ్గడం ఒక కారణమైతే, ఇంజను బలం గేర్‌బాక్సు తట్టుకోలేనంత పెరగడం ఇంకొకటి. మాన్యువల్ బండికి ఇంజను లాగుడును సుమారు 900 న్యూటన్ మీటర్ల దగ్గరే కట్టేశారు. ఆటోమేటిక్ బండికి 1,200 దాటనిచ్చారు. మన బొలెరో పికప్ ఇంజను లాగుడు 200కు అటూఇటూ. ఆ కాస్త బలానికి గేర్‌బాక్సు పగలదు. దాన్ని పగలగొట్టేది వెనక వేసే లోడు.

1,700 కిలోలకు చేసిన బండి మీద మూడు టన్నులు వేసి, మలుపులో ఆగిన లారీ వెనక నిలబెట్టి, హాఫ్ క్లచ్ మీద ఎత్తుకోమంటే ముందు క్లచ్ ప్లేటు కాలుతుంది. ఆ వాసన ఘాటీలో నడిచినవాళ్లందరికీ తెలుసు. తర్వాత వంతు బేరింగులది, ఆపైన గేరు పళ్లది.

లోపల ఏం జరుగుతోందో ఆయిలే చెబుతుంది. అడుగున అయస్కాంతం ఉన్న బోల్టు విప్పితే దానికి నల్లటి ముద్ద అంటుకుని వస్తుంది. మేస్త్రీ దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. గరుకు రేకులు తగిలితే బేరింగో పళ్లో పోతున్నట్టు. అయస్కాంతానికి అంటకుండా ఆయిల్లో పచ్చగా మెరిసేది ఇత్తడి. అంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి, ఇంకొన్నాళ్లకు గేరు గరగరమంటూ తప్ప పడదు. జీఎల్-4 ఆయిలు వాడమన్న గేర్‌బాక్సులో, వెనక హౌసింగుకు తెచ్చిన జీఎల్-5 మిగిలిందని పోసేస్తే ఈ ఇత్తడికి మరీ చేటు. అందులోని గంధకపు మందులు దాన్ని తినేస్తాయి.

వానాకాలంలో ఏజెన్సీ గెడ్డలు దాటే బండ్లది వేరే బాధ. వేడెక్కిన గేర్‌బాక్సు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ గుండా నీటిని పీల్చుకుంటుంది. ఆయిలు పాలలా తెల్లబడితే మార్చి తీరాలి. ఈ చిన్న ఖర్చు వాయిదా వేసిన యజమానే తర్వాత గేర్‌బాక్సు మొత్తానికి పెట్టుకుంటాడు.

ఘాటీ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగడం పాత డ్రైవర్ల పద్ధతి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే డీజిలు సరఫరానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజను తాగుతూ ఉంటుంది. మిగిలేదేమీ లేదు, బ్రేకులు మాత్రం కాగిపోతాయి.

నా మట్టుకు ఈ గేర్‌బాక్సు నమ్మకమైనదే. ఒక్క బేరింగు పోతే ఆ ఒక్కటీ మార్చి బండిని రోడ్డెక్కించే చేతులు సాలూరులోనే ఉన్నాయి. నాకు కష్టం కలిగించేది ఇంకొకటి. గేర్‌బాక్సు పోతే మొదట తిట్లు తినేది, కొన్నిచోట్ల జీతం కోయించుకునేది డ్రైవరు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం అదనపు లోడుకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా పెట్టింది. అంత లోడు వేయించింది సరుకు యజమానీ బండి యజమానీ అయినప్పుడు, ఆ జరిమానాతో పాటు క్లచ్ ప్లేటు ఖర్చూ వాళ్ల లెక్కలోనే పడాలి.